‘బాగున్నావా’ నుంచి ‘ఉంటాను’ వరకు: విదేశీ ఫోను సంభాషణ – ప్రక్రియా పరిశీలన

వ్యాససంగ్రహం

చదువు కోసం, ఉపాధి కోసం విదేశాలకు వెళ్లినవారికీ, ఊళ్లో ఉన్న వారి కుటుంబాలకూ మధ్య సాగే ఫోను సంభాషణకు ఒక నిర్దిష్టమైన రూపం ఉంది. దానికి ఆరంభం, నడక, ముగింపు, పునరుక్తులు, మౌనాలు ఉన్నాయి. లేఖను సాహిత్య ప్రక్రియగా ఆదరించిన తెలుగు విమర్శ ఈ వాచిక రూపం మీద అంతటి శ్రద్ధ చూపలేదు. సందేశకావ్యం నుంచి పోస్టుకార్డు దాకా వచ్చిన ‘క్షేమ’ సంప్రదాయానికి ఈ సంభాషణ వారసురాలని, సమాచారం చేరవేయడం కంటే భరోసా ఇవ్వడమే దాని ప్రధాన ధర్మమని, ఆ భరోసా కోసమే అది నిజాన్ని దాచే రూపంగా కూడా పనిచేస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఫోను ధర, యంత్ర పరిమితులు, బంధువాచకాలు, భాష ఎంపిక ఈ రూపాన్ని ఎలా తీర్చిదిద్దాయో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఫోను సంభాషణ, వలస, క్షేమ సమాచారం, సందేశకావ్యం, లేఖ, బంధువాచకాలు, గల్ఫ్, జూలూరుపాడు.

1. ఉపోద్ఘాతం

తెలుగు నేల నుంచి విదేశాలకు సాగిన ఇటీవలి వలసలు ప్రధానంగా రెండు దారులు పట్టాయి. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి శ్రమజీవులు గల్ఫ్ దేశాలకు వెళ్లారు. చదువుకున్నవారు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాలకు వెళ్లారు. మొదటివారిది ఒప్పందం ముగిశాక తిరిగి రావలసిన వలస. రెండోవారిది తిరిగి వస్తారో రారో తెలియని వలస. రెండింటిలోనూ ఇంటికీ మనిషికీ మధ్య మిగిలిన బంధం చాలాకాలం పాటు గొంతు ఒక్కటే.

పూర్వపు ఖమ్మం జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11న ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన జూలూరుపాడు మండలం గల్ఫ్ వలసలకు పేరుపడిన ప్రాంతం కాదు. గల్ఫ్ వలస బలంగా ఉన్న పల్లెల్లో విదేశీ ఫోను ఊరంతటి అనుభవం. జూలూరుపాడు వంటి చోట అది ఒక్కొక్క ఇంటి అనుభవం. పైగా తెలుగుతో పాటు లంబాడీ, కోయ భాషలు వినిపించే అటవీ సరిహద్దు ప్రాంతం కావడం వల్ల, ఫోనులో ఏ భాష మాట్లాడాలన్న ప్రశ్న కూడా ఇక్కడ అర్థవంతమవుతుంది. ఈ కారణాల వల్ల ఇటువంటి ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకుని ఫోను సంభాషణ రూపాన్ని పరిశీలించడం ప్రయోజనకరం.

ఈ వ్యాసం ప్రక్రియా విమర్శకు పరిమితం. ఇందులో ఉదాహరించిన సంభాషణ వాక్యాలు ఏ ఒక్కరి మాటలకూ నకళ్లు కావు. అవి తెలుగు ఇళ్లలో నిత్యం వినిపించే వాడుకకు నమూనాలు.

2. సందేశ సంప్రదాయం – క్షేమ ప్రకటన

దూరాన ఉన్నవారికి పంపే మాటలో మొదట ఏది ఉండాలి? భారతీయ సాహిత్య సంప్రదాయం ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం ఇచ్చింది. కాళిదాసు మేఘసందేశంలో కొలువులో చేసిన పొరపాటుకు యజమాని శాపం పొంది ఏడాది పాటు ఇంటికి దూరమైన యక్షుడు మేఘాన్ని దూతగా పంపుతాడు. భార్యను ముత్తైదువగా సంబోధించి మాట ప్రారంభించమంటాడు. తక్కిన సందేశమంతా ఆ తరువాతే. ఆ ఒక్క సంబోధనలోనే భర్త బతికి ఉన్నాడన్న వార్త ఆమెకు అందిపోతుంది. సంబోధనే సమాచారమైన సందర్భమిది.

సుందరకాండలో లంక నుంచి తిరిగివచ్చిన హనుమంతుడు సీతను గురించి రాముడికి చెప్పిన తీరును తెలుగు ప్రవచనకారులు ప్రత్యేకంగా వ్యాఖ్యానిస్తారు. ‘సీతను’ అని మొదలుపెడితే ఆ తరువాతి మాట ఏమి వస్తుందోనన్న ఆందోళన క్షణకాలమైనా రాముడికి కలుగుతుందని, అందుకే ‘చూశాను’ అన్న క్రియను ముందు పెట్టాడని వారి వివరణ. భద్రాచలం పరిసరాల శ్రోతలకు ఎంతో పరిచితమైన ఈ వ్యాఖ్యానంలో ఒక సందేశ సూత్రం ఉంది. వార్త చెప్పేవాడు వినేవాడి భయాన్ని ముందుగా తీర్చాలి. తక్కినదంతా తరువాత.

తెలుగు ఉత్తరం ఈ సూత్రాన్నే పాటించింది. ‘ఉభయకుశలోపరి’ అన్నా, ‘ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాము’ అన్నా ఉత్తరం మొదలయ్యేది క్షేమంతోనే. ఇది కేవలం వాస్తవ కథనం కాదన్నది గమనించవలసిన విషయం. పంట ఎండిపోయిందని, అప్పు పెరిగిందని, ఇంట్లో జబ్బు ఉందని తెలిపే ఉత్తరం కూడా ఈ వాక్యంతోనే మొదలయ్యేది. మొదటి వాక్యానికీ తరువాతి వాక్యాలకూ మధ్య వైరుధ్యం ఉందని ఎవరూ భావించేవారు కాదు. ‘ఉత్తరం రాయగలిగే స్థితిలో ఉన్నాము’ అన్నదే అక్కడ ‘క్షేమం’ అనే మాటకు అర్థం. విదేశీ ఫోను సంభాషణకు వారసత్వంగా దక్కింది ఈ అర్థమే.

3. ధర, యంత్రం, రూపం

ఫోను సంభాషణ రూపాన్ని భావోద్వేగం ఒక్కటే నిర్ణయించలేదు. ధర, యంత్రం కూడా నిర్ణయించాయి. 1984లో సి-డాట్ స్థాపన తరువాత దేశీయంగా తయారైన చిన్న ఎక్స్ఛేంజీలు గ్రామీణ ప్రాంతాలకు చేరాయి. 1986లో విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ ఏర్పడింది. ఎస్.టి.డి., ఐ.ఎస్.డి., పి.సి.ఓ. అని రాసిన పసుపుపచ్చ బోర్డులు బజార్లలో వెలిశాయి. 2002 ఏప్రిల్ నుంచి విదేశీ కాల్స్‌పై ఆ సంస్థ గుత్తాధిపత్యం ముగిసింది. ఇంటర్నెట్ ద్వారా ఫోను చేసుకోవడానికి దేశంలో అనుమతి లభించింది కూడా అప్పుడే. 2003లో స్కైప్ వచ్చింది. వాట్సాప్‌లో 2013లో గొంతు సందేశాలు, 2015లో కాల్స్, 2016లో వీడియో కాల్స్ ప్రారంభమయ్యాయి. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా ధర బాగా తగ్గింది.

ఈ మార్పులలో ప్రతిదీ మాట రూపాన్ని మార్చింది. బూత్‌లోని అద్దాల గదిలో ఎర్రని అంకెల మీటరు మాట్లాడేవారి కళ్లెదుటే తిరిగేది. ఎంత మాట్లాడితే ఎంత ఖర్చవుతుందో తెలుస్తూ ఉండగా మాట్లాడటం వల్ల సంభాషణ పట్టికలా తయారైంది. అమ్మ, నాన్న, చెల్లి పెళ్లి, డబ్బు అందిందా, మళ్లీ ఎప్పుడు చేస్తావు అన్న వరుసను చాలామంది ముందే మనసులో సిద్ధం చేసుకుని వెళ్లేవారు. చెప్పదలచుకున్నవి చీటీ మీద రాసుకుని వెళ్లడమూ ఉండేది. కార్డుముక్కలో చోటు తక్కువైనందువల్ల ఏర్పడిన క్లుప్తత బూత్‌లో సమయం తక్కువైనందువల్ల తిరిగి వచ్చింది.

ఉపగ్రహం ద్వారా సాగిన కాల్స్‌లో మరో పరిమితి ఉండేది. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహాన్ని తాకి రావడానికి మాటకు సుమారు పావు సెకను పట్టేది. జవాబు తిరిగి వచ్చేసరికి అర సెకను గడిచేది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగడం, ‘నువ్వు చెప్పు’, ‘లేదు, నువ్వే చెప్పు’ అనుకోవడం ఆ కాలపు కాల్స్‌లో మామూలు. వినేవారికి అది తడబాటుగా, ఏదో దాస్తున్నట్లుగా తోచేది. మౌనం మనిషిదో యంత్రానిదో తేల్చుకోలేని స్థితి అది.

ఇంట్లో ఫోను లేనివారికి పొరుగింటి ఫోనే ఆధారం. ‘పి.పి. నంబరు’ అన్న మాట తెలుగు వాడుకలో స్థిరపడింది ఈ అవసరం వల్లనే. విదేశం నుంచి ఫోను చేసినవారు ‘మా అమ్మను పిలుస్తారా, పది నిమిషాల్లో మళ్లీ చేస్తాను’ అని పెట్టేసేవారు. తల్లి చేతిలో పని వదిలి వచ్చి ఇంకొకరి ఇంట్లో, ఇంకొకరి ఎదుట కొడుకుతో మాట్లాడేది. ఈ సంభాషణకు ఎప్పుడూ ఒక మూడో శ్రోత ఉండేవాడు. కోడలి మీద ఫిర్యాదు, అప్పు తీరలేదన్న మాట, కొడుకు పడుతున్న కష్టం – ఇవి పొరుగువారి ముందు పలికే మాటలు కావు. కాబట్టి ‘అంతా బాగానే ఉంది’ అన్న వాక్యం బలపడటంలో పొరుగింటి గదికి కూడా పాత్ర ఉంది.

4. సంభాషణ నిర్మాణం: ఉండు ధాతువు

ఇమ్మాన్యుయెల్ షెగ్లాఫ్ 1968లో ప్రచురించిన వ్యాసంలో ఫోను సంభాషణల ఆరంభాలను పరిశీలించి, ఫోను మోగడం పిలుపు అని, ‘హలో’ ఆ పిలుపుకు జవాబు అని నిరూపించాడు. సంభాషణ విశ్లేషణలో ఆ తరువాతి దశలుగా పరస్పరం గుర్తింపు, కుశలప్రశ్నలు గుర్తించారు. తెలుగు విదేశీ ఫోనుకు ఈ నమూనాను అన్వయించినప్పుడు రెండు విశేషాలు కనిపిస్తాయి.

మొదటిది గుర్తింపుకు సంబంధించినది. ఫోను చేసినవారు తమ పేరు చెప్పరు. ‘అమ్మా, నేను’ అంటారు. ‘నేను’ అన్న సర్వనామం ఎవరికైనా వర్తిస్తుంది కనుక దానివల్ల గుర్తింపు సాధ్యం కాదు. గుర్తింపు జరిగేది ‘అమ్మా’ అన్న సంబోధన వల్ల, ఆ గొంతు వల్ల. తనను బంధువాచకంతో పిలిచినవారెవరో గొంతును బట్టి పోల్చుకోవడమే తల్లి మొదటి జవాబు. ‘నేనమ్మా’ అన్న మూడు అక్షరాలకే జలుబు చేసిందని గ్రహించే తల్లి చేస్తున్నది ఒక రకమైన పఠనం. యక్షుని సందేశంలో వలెనే ఇక్కడా సంబోధనే మొదటి వార్త.

రెండోది ఆరంభ, ముగింపు పదాలకు సంబంధించినది. ‘బాగున్నావా’ అన్న ప్రశ్నలో ఉన్నది ‘ఉండు’ ధాతువు. ‘ఎలా ఉన్నావు’, ‘ఎట్లున్నవ్’ అన్న రూపాలలోనూ అదే. ఫోను ముగింపులో తెలుగువారు పలికే ‘ఉంటాను మరి’, ‘సరే, ఉంటానమ్మా’ అన్న మాటల్లోనూ అదే ధాతువు. ఇంటి గడప దాటేటప్పుడు ‘వెళ్తాను’ అనక ‘వెళ్లొస్తాను’ అనడం తెలుగు మర్యాద. ఫోనులో వెళ్లడం లేదు, రావడం లేదు. అందుకే అక్కడ ‘ఉంటాను’ స్థిరపడింది. ఆ మాటకు ‘ఇక్కడితో ముగిస్తాను’ అన్నది వాడుకార్థం. అయితే మాటలో మిగిలి ఉన్న మూలార్థం అస్తిత్వానికి సంబంధించినది. ‘ఉన్నావా’ అని మొదలై ‘ఉంటాను’ అని ముగిసే ఈ సంభాషణ ఆద్యంతాలు రెండూ ఉనికి ప్రకటనలే. మధ్యలో ఏమి మాట్లాడుకున్నారన్నది గుర్తులేకపోయినా ఫోను వచ్చిందన్న తృప్తి మిగలడానికి కారణమిదే.

5. ‘తిన్నావా’ – ‘ఏం కూర?’

విదేశాల్లో ఉన్న పిల్లలు, ముఖ్యంగా నగరాల్లో చదువుకున్నవారు, తల్లి ప్రతిసారీ ‘తిన్నావా’ అనే అడుగుతుందని నవ్వుకోవడం కద్దు. దీన్ని అర్థంలేని పునరుక్తిగా చూసే ధోరణి విమర్శలోనూ ఉండవచ్చు. 1923లో మలినౌస్కీ సమాచారం కోసం కాక మనుషుల మధ్య సంబంధం నిలబెట్టడం కోసం సాగే మాటలను ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించాడు. ‘తిన్నావా’ ఆ వర్గానికి చెందినదని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ వివరణ సరిపోదు.

‘తిన్నావా’కు జవాబు ముందే నిర్ణయమై ఉంది. ‘తిన్నాను’. తినకపోయినా ఆ జవాబే వస్తుంది. తల్లికి ఆ సంగతి తెలుసు. అందుకే ఆమె అక్కడ ఆగదు. ‘ఏం కూర?’ అంటుంది. ఈ రెండో ప్రశ్న స్వభావం వేరు. ‘అవును’, ‘కాదు’ అని తప్పించుకునే వీలు ఇందులో లేదు. కూర పేరు చెప్పాలి. తడుముకోకుండా చెప్పాలి. నిన్నటి కూర మళ్లీ చెప్పకూడదు. జవాబు రావడానికి పట్టిన వ్యవధి, గొంతులోని ఉత్సాహం, ‘ఏదో చేసుకున్నాంలే’ అన్న దాటవేత – వీటిలో తల్లి అసలు సమాచారం వెతుక్కుంటుంది. మొదటి ప్రశ్న మర్యాద. రెండోది పరీక్ష. గదిలో ఎంతమంది ఉన్నారు, వంట ఎవరి వంతు, పని ఎన్ని గంటలకు ముగిసింది, చేతిలో డబ్బు ఉందా అన్న ప్రశ్నలన్నీ ఆ ‘ఏం కూర’లో ఇమిడి ఉన్నాయి.

కాలభేదం కూడా ఈ ప్రశ్నకు కొత్త అర్థాన్నిస్తుంది. కువైట్, సౌదీ అరేబియా, ఖతర్ మన కంటే రెండున్నర గంటలు వెనుక. దుబాయి గంటన్నర వెనుక. అమెరికా తూర్పు తీరం ఋతువును బట్టి తొమ్మిదిన్నర లేదా పదిన్నర గంటలు వెనుక. ఇక్కడ రాత్రి భోజనం ముగించిన తల్లి ‘తిన్నావా’ అన్నప్పుడు అక్కడ ఇంకా ఉదయమే. ‘ఇప్పుడే లేచానమ్మా’ అన్న జవాబుతో దూరం ఎంతో ఆమెకు తెలుస్తుంది. గోడ మీది గడియారం చూసి ‘ఇప్పుడు వాడికి తెల్లవారి ఉంటుంది’ అని లెక్కగట్టే అలవాటు ఆ విధంగా ఇంటి అలవాటు అవుతుంది.

6. మధ్యవర్తిత్వం: తండ్రి మౌనం

విదేశీ ఫోను సంభాషణలో తండ్రి తరచు పక్కనే ఉంటాడు, మాట్లాడడు. ‘నాన్నకు ఇవ్వనా?’ అని తల్లి అడుగుతుంది. ‘డబ్బులు జాగ్రత్తగా వాడుకోమని చెప్పు’ అని వెనుక నుంచి ఆయన గొంతు వినిపిస్తుంది. తల్లి దాన్ని ‘నాన్న నీ గురించే అనుకుంటున్నాడురా’ అని మార్చి చెబుతుంది. ఈ మార్పు అబద్ధం కాదు, అనువాదం. ఆయన మాటలోని ఆదేశాన్ని తీసివేసి అందులోని ఆరాటాన్ని ఆమె వినిపిస్తోంది.

ఈ మధ్యవర్తిత్వానికి ఖమ్మం ప్రాంతపు సంప్రదాయంలోనే గొప్ప పూర్వరూపం ఉంది. నేలకొండపల్లికి చెందిన కంచెర్ల గోపన్న, అంటే భక్త రామదాసు, భద్రాచల ఆలయ నిర్మాణ సందర్భంలో గోల్కొండ చెరసాల పాలయ్యాడు. అక్కడి నుంచి రాముణ్ణి నేరుగా వేడుకున్నాడు, నిలదీశాడు. రాముడు పలకనప్పుడు సీతమ్మను ఆశ్రయించి, ఏకాంత సమయంలో తన మాట ఆయన చెవిన వేయమని కోరుకున్నాడు. తండ్రితో చెప్పలేనిది తల్లి ద్వారా చెప్పించుకోవడమన్న ఇంటి పద్ధతిని ఆయన భక్తి మార్గంగా మలిచాడు. దూరాన ఉన్న కొడుకు ‘నాన్నకు నువ్వే ఎట్లాగో చెప్పు’ అన్నప్పుడు – ఉద్యోగం పోయిన సంగతి కావచ్చు, పెళ్లి నిర్ణయం కావచ్చు – పనిచేస్తున్నది అదే పద్ధతి.

7. క్షేమం చాటున దాపరికం

సాంఘిక శాస్త్రవేత్త స్టీవెన్ వెర్టోవెక్ 2004లో వెలువరించిన వ్యాసంలో చౌక ఫోను కాల్స్‌ను వలస కుటుంబాలను అంటిపెట్టి ఉంచే జిగురుగా అభివర్ణించాడు. ఈ ఉపమానం విలువైనదే. అయితే దానికి రెండు పరిమితులున్నాయి.

మొదటిది, చౌకదనం అందరికీ ఒకేలా అందలేదు. అమెరికాలోని ఉద్యోగికి ఇంటర్నెట్ కాల్ దాదాపు ఉచితమైన కాలంలో కూడా గల్ఫ్ దేశాల్లో ఇంటర్నెట్ కాల్స్‌పై ఆంక్షలు నడిచాయి. సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులో నిషేధాన్ని సడలించింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్స్‌పై ఆ తరువాత కూడా ఆంక్షలు కొనసాగాయి. ఎక్కువ సంపాదించేవారికి ఫోను ఖర్చు తగ్గి, తక్కువ సంపాదించేవారికి ఆంక్షల అడ్డు మిగిలిన వైచిత్రి ఇది. జిగురు అందరికీ సమానంగా దొరకలేదు.

రెండోది ఇంకా ముఖ్యమైనది. జిగురు అన్న ఉపమానం కాల్ వల్ల బంధం నిలుస్తుందని చెబుతుంది కాని, నిలవడానికి ఆ కాల్‌లో ఏమి దాగవలసి వస్తున్నదో చెప్పదు. వలస వెళ్లడానికి అప్పు చేసినవాడు, చెప్పిన పని ఒకటి, దొరికిన పని మరొకటి అయినవాడు, పాస్‌పోర్టు యజమాని చేతిలో ఉన్నవాడు ఇంటికి ఫోను చేసి ‘బాగున్నాను’ అనే అంటాడు. అతడు అబద్ధమాడుతున్నాడని అనడం సులభం. నిజానికి అతడు సంప్రదాయం నిర్దేశించిన మొదటి వాక్యం పలుకుతున్నాడు. ఉత్తరంలోనైతే ఆ వాక్యం తరువాత కష్టం రాయడానికి చోటుండేది. రాసేటప్పుడు ఎదుట ఎవరూ ఉండరు కనుక రాయగలిగేవాడు. ఫోనులో తల్లి ఊపిరి వినిపిస్తూ ఉంటుంది. ఆమె ఏడుపు కూడా వెంటనే వినిపిస్తుంది. అందువల్ల ఉత్తరంలో ఆరంభ వాక్యమైన క్షేమం, ఫోనులో మొత్తం సంభాషణను ఆక్రమించింది.

దాపరికం ఒకవైపు నుంచే కాదు. ఇంటివారు కూడా దాస్తారు. అమ్మమ్మ మరణించిన సంగతిని పరీక్షలు ముగిసేదాకా చెప్పకపోవడం, చెప్పవలసి వచ్చినప్పుడు ‘ఒంట్లో బాగాలేదు’ అని మొదలుపెట్టడం తెలుగు ఇళ్లలో పరిచితమే. ‘సీరియస్‌గా ఉంది, బయలుదేరు’ అన్న వాక్యానికి టెలిగ్రాము కాలం నుంచి ఒక గూఢార్థం ఉంది. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాము సేవ ముగిసింది కాని, ఆ వాక్యం ఫోనులోకి వచ్చి బతికింది. విన్నవాడు విమానం ఎక్కేదాకా ఆ మాటను యథాతథంగానే నమ్ముతున్నట్లు ఉంటాడు. ఇద్దరికీ నిజం తెలుసు. ఇద్దరూ దాన్ని పలకరు. ప్రయాణం చేయగల ధైర్యాన్ని మిగల్చడం కోసం ఏర్పడిన మర్యాద ఇది.

భాష ఎంపిక కూడా దాపరికానికి, దానికి విరుగుడుకు సాధనమవుతుంది. పలు రాష్ట్రాలవారు కలిసి ఉండే గదిలో తెలుగే రహస్య భాష. గదిలో తెలుగువారే ఎక్కువైతే తెలుగు బహిరంగ భాష అవుతుంది. అప్పుడు లంబాడీ తండా నుంచి వెళ్లిన యువకుడు ‘యాడీ’ అని తల్లిని పిలిచి సొంత భాషలోకి మారితే, తెలుగులో చెప్పలేని సంగతి చెప్పడానికి అతనికి ఒక చాటు దొరుకుతుంది. జూలూరుపాడు వంటి బహుభాషా ప్రాంతపు వక్తకు ఉన్న ఈ సౌలభ్యాన్ని వలస సాహిత్య పరిశీలకులు గుర్తించవలసి ఉంది. ఒకే కాల్‌లో తెలుగు నుంచి లంబాడీకో కోయకో మారిన చోటు ఏదన్నది ముఖ్యం. సంభాషణలోని అసలు విషయం తరచు అక్కడే మొదలవుతుంది.

8. దృశ్యం వచ్చిన తరువాత

వీడియో కాల్ రాకతో దాపరికం అసాధ్యమైందని భావించడం పొరపాటు. ఫిలిప్పీన్స్ వలస తల్లుల గురించి మిర్కా మదియాను, డేనియల్ మిల్లర్ 2012లో ప్రచురించిన గ్రంథంలో ఒక కీలక పరిశీలన ఉంది. అనేక మాధ్యమాలు చౌకగా అందుబాటులోకి వచ్చాక, ఏ మాధ్యమాన్ని ఎంచుకున్నారన్నదే నైతికార్థాన్ని సంతరించుకుంటుందని వారు చెప్పారు. తెలుగు ఇళ్లలో ‘వీడియో ఎందుకు పెట్టవు?’ అన్న ప్రశ్న దీనికి నిదర్శనం. ఒకప్పుడు ఫోను రాకపోవడం ఆందోళన కలిగించేది. ఇప్పుడు ఫోను వచ్చి బొమ్మ రాకపోవడం కలిగిస్తోంది. ‘నెట్ సరిగా లేదమ్మా’ అన్న జవాబు ఒకప్పటి ‘లైన్ సరిగా లేదు’కు వారసురాలు.

బొమ్మ వచ్చినా అది ఎంపిక చేసిన బొమ్మ. గదిలోని శుభ్రమైన మూల, ఉతికిన చొక్కా, వెలుతురు పడే చోటు ముందుగా చూసుకుంటారు. ఇక్కడ ఇంట్లోనూ అంతే. మంచం పట్టిన తాతను లేపి కూర్చోబెట్టి, తల దువ్వి, అప్పుడు ఫోను ముందుకు తెస్తారు. మీటరు భయం పోయాక సంభాషణ పొడవు పెరిగింది కాని, అందులో నిజం పాలు అంతే మేరకు పెరిగిందని చెప్పలేము. అయితే ఒక కొత్త విషయం చోటుచేసుకుంది. ఫోనును వంటగదిలో ఆనించి పెట్టి, తల్లి కూర తరుగుతూ ఉంటే కూతురు అక్కడ తన పని తాను చేసుకుంటూ ఉండే మౌన సంభాషణ సాధ్యమైంది. ‘ఉంటాను’ అన్న ముగింపు మాటలోని మూలార్థం – కలిసి ఉండటం – ఈ రూపంలో ముగింపుగా కాక సంభాషణంతగా విస్తరించింది.

9. సాహిత్య విమర్శకు కర్తవ్యం

గల్ఫ్ వలసను పెద్దింటి అశోక్ కుమార్ ‘ఎడారి మంటలు’ నవలలో, పి. సునీల్ కుమార్ రెడ్డి ‘గల్ఫ్’ (2017) చిత్రంలో వస్తువుగా స్వీకరించారు. శ్రీరమణ కథ ఆధారంగా తనికెళ్ల భరణి తీసిన ‘మిథునం’ (2012) చిత్రంలో తెర మీద కనిపించేవి రెండే పాత్రలు. దూరాన ఉన్న పిల్లలు కనిపించరు. వలసను, దూరాన్ని చిత్రించిన ఇటువంటి రచనలను పరిశీలించేటప్పుడు దోపిడీ, ఒంటరితనం, వృద్ధాప్యం అన్న వస్తువుల మీదనే విమర్శ దృష్టి నిలుస్తుంది. అది అవసరమే. దానితో పాటు రూపానికి సంబంధించిన ప్రశ్నలు కూడా వేయవలసి ఉంది. పాత్రలు ఫోనులో మాట్లాడుకున్నప్పుడు రచయిత రెండు వైపుల మాటలనూ వినిపించాడా, ఒక వైపే వినిపించాడా? ‘బాగున్నాను’ అన్న మాటను పాఠకుడు నమ్మేలా రాశాడా, నమ్మకుండా ఉండేలా రాశాడా? ఆ గదిలో మూడో శ్రోత ఉన్నాడా? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టి ఒక సన్నివేశం కేవలం కన్నీటి సన్నివేశమా, వలస జీవితపు భాషను పట్టుకున్న సన్నివేశమా అన్నది తేలుతుంది.

మలయాళంలో ఎస్.ఎ. జమీల్ రచించిన దుబాయి ఉత్తరం పాట గల్ఫ్ భర్తకు భార్య రాసిన లేఖగా సాగి విశేష ప్రచారం పొందింది. అక్కడ లేఖ పాటగా మారగలిగింది. దానికి కారణం లేఖలో కష్టాన్ని పూర్తిగా చెప్పుకునే వీలుండటం. గురజాడ లేఖలు, చలం ‘ప్రేమలేఖలు’, సంజీవదేవ్ లేఖలు తెలుగు సాహిత్యంలో స్థానం పొందడానికి మరో కారణం అవి కాగితం మీద మిగలడం. ఫోను మాట మిగలదు. ఒక తరం వలస కుటుంబాల ఆప్త సంభాషణ మొత్తం ఏ ఆనవాలూ లేకుండా గాలిలో కలిసిపోయింది. వాట్సాప్ గొంతు సందేశాలు దీనికి కొంత మినహాయింపు. మరణించిన తల్లి చివరిసారి పంపిన అర నిమిషం మాటను చెరపకుండా దాచుకున్నవారికి దాని విలువ తెలుసు. ఫోను మారినప్పుడు, పాడైనప్పుడు అదీ పోతుంది.

వీటిని సేకరించడం జానపద, భాషా పరిశోధకుల పని. అయితే ఈ సేకరణకు హద్దులుండాలి. సంభాషణ ఇద్దరిది కనుక ఇద్దరి అనుమతి ఉండాలి. దాపరికం మీద నిలబడిన మాటలను బయటపెట్టడం వల్ల కుటుంబాలకు హాని కలగకూడదు. కాబట్టి కాల్స్‌ను రికార్డు చేయడం కంటే బూత్‌ల కాలం, పి.పి. నంబర్ల కాలం గుర్తున్నవారి జ్ఞాపకాలను నమోదు చేయడం మేలైన ఆరంభం. ఆ తరం తల్లులు పెద్దవారవుతున్నారు. వారు ఏమి విన్నారన్నదే కాక, విన్నదాని వెనుక ఏమి ఉందని గ్రహించారన్నది కూడా వారి నోటనే తెలియాలి.

10. ముగింపు

విదేశీ ఫోను సంభాషణ సందేశకావ్యం, ఉత్తరం నుంచి క్షేమ ప్రకటనను వారసత్వంగా పొందిన వాచిక రూపం. మీటరు, ఉపగ్రహం, పొరుగింటి గది, ఇంటర్నెట్ దాని నిడివిని, వరుసను, మౌనాలను నిర్ణయించాయి. ‘బాగున్నావా’ నుంచి ‘ఉంటాను’ వరకు దాని ఆద్యంతాలు ఉనికిని నిర్ధారించే మాటలు. ‘తిన్నావా’ వంటి పునరుక్తులు అర్థరహితాలు కావు. వాటి వెంట వచ్చే రెండో ప్రశ్నలో పరీక్ష ఉంది. క్షేమం చెప్పాలన్న మర్యాద బంధాన్ని నిలుపుతుంది. అదే మర్యాద ఆపదలో ఉన్నవాడి నోరు కూడా మూయిస్తుంది. ఈ రెండు పనులనూ ఏకకాలంలో చేయడమే ఈ రూపపు ప్రత్యేకత.

కాబట్టి ఈ సంభాషణలను మాటల అర్థాన్ని మాత్రమే పట్టి చదివితే సరిపోదు. సంబోధన ఎలా పలికింది, జవాబు ఎంతసేపటికి వచ్చింది, భాష ఎక్కడ మారింది, ఏ ప్రశ్న దాటవేతకు గురైంది అన్నవి కూడా పాఠంలో భాగాలే. శాస్త్ర పరిభాష తెలియకపోయినా ఊళ్లలోని తల్లులు ఇన్నేళ్లుగా ఈ పఠనం చేస్తూనే ఉన్నారు. వలస సాహిత్య విమర్శ తన పద్ధతిని ఏర్పరచుకోవలసింది వారి ‘ఏం కూర?’ అన్న ప్రశ్న నుంచే.